లిస్టులో నాలుగో పేరు

హలో… ఆ, సంధ్యారాణినే. రెండుసార్లు చేసిన, ఎత్తకపోతివి తమ్మీ…

నర్సంపేటలనా? ఆదివారం గూడ పనేనా?…

సరే తీయ్, కోపం లేదు. సుదర్శన్, కొత్త రౌటర్ వచ్చింది. డబ్బా ముందర పెట్టుకొని కూసున్న. పాతది బిగిచ్చింది నువ్వే గదా, చెప్పు, నేను పెడ్త…

వద్దొద్దు, రేపు వద్దు. ఆడపిల్లల రీడింగ్ రూమ్ నాది. వాళ్లు చదువుకుంటాంటే మగమనిషిని లోపటికి రానియ్య గదా. రేపు పొద్దుగాల ఆరింటికి ముప్పై రెండుమంది వస్తరు. నెట్ లేకపోతే టెస్టులెట్ల రాస్తరు? హాలు ఖాళీగున్నది ఇయ్యాల ఒక్కనాడే…

నాకు రాదని నువ్వెట్లంటవ్? హన్మకొండల ఈ హాలు ఒక్కదాన్నే నడుపుతాన్న, రెండు వైర్లు పెట్టరాదా?…

ఆ. చెప్పు.

పాతదానికున్న వైరు… గోడకు తెల్లడబ్బా ఉన్నది సూడు, దాన్నుంచి వచ్చిందేనా?… పీకిన.

కొత్తదాన్ల ఐదు రంధ్రాలున్నయ్. ఒకటి నీలిది, నాలుగు పసుపువి… నీలిదాన్లనా?… పోతలేదు… తిరగేసి పెట్టాల్నా… ఆఁ, టిక్కుమన్నది.

పవర్ వేసిన. లైట్లు వస్తానయ్… ఒకటి ఎర్రగున్నది… ఆగాల్నా? సరే.

ఆగెదాక ఒకటడుగుత చెప్పు తమ్మీ. పాత రౌటర్ ఎందుకు చెడిపోయింది?…

ముసలిదైందా? రెండేండ్లకేనా?… కాదు, నాకు అనుమానమున్నది. నెలనెలా నెట్ అంతా ఎవలో గుంజుకుంటాన్రు. కంపెనీకి ఫోన్ చేస్తే, రాత్రిపూట గూడ మీ దగ్గర్నుంచి డేటా పోతానే ఉన్నదమ్మా అన్నడు. రాత్రి తొమ్మిదింటికి నేనే తాళమేస్త. ఎవలు వాడుతరు?…

కింద మెడికల్ షాపోళ్లా? వాళ్లకు సొంతది ఉన్నది…

పిల్లలనే అనుకున్న నేను గూడ. అందుకే గదా తేజస్వి అన్న పిల్లను హాలు మానిపిచ్చింది…

ఎర్కలేదా? కాశిబుగ్గ పిల్ల. యాదవ్వ బిడ్డ. మూడో వరుసల కిటికీ పక్కకు కూసునేది, సన్నగ, మాట్లాడదు… గుర్తుకు రాలేదా? పోనీ.

ఆకుపచ్చ అయింది! లైటు ఆకుపచ్చ అయింది తమ్మీ.

ల్యాప్‌టాప్ తెరిచిన… కింద స్టిక్కర్ మీదున్న పేరే కనపడుతాంది. పాస్‌వర్డ్ గూడ ఆ స్టిక్కర్ మీదిదే కదా… కలిసింది.

ఇప్పుడు ఏం కొట్టాలె?… వన్ నైన్ టు… చుక్క… వన్ సిక్స్ ఎయిట్… మల్ల చుక్క… సున్నా, చుక్క, ఒకటి…

వచ్చింది. అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టుమంటాంది… నాకు నచ్చింది పెడ్త. నీకు చెప్పాల్నా? ఎందుకు?… మర్చిపోతె నేను రాసిపెట్టుకుంట. ఉండనియ్, చెప్ప…

అరే, దాంట్ల అలగనీకేమున్నది? ఇంటి తాళంచెవి ఎవలిది వాళ్ల దగ్గరుంటది.

అయింది. ఇప్పుడు వైఫై పేరు అడుగుతాంది…

పాత పేరేనా? పాస్‌వర్డ్ గూడ పాతదేనా?… వద్దనుకున్న తమ్మీ నేను. ఆ పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసో. కొత్తది పెడ్త…

ఎందుకు?… ప్రింటర్, కెమెరా, అన్నీ మల్ల మల్ల కలపాల్నా?… అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెడితె వాటంతటవే కలుస్తయా?…

ఇంతగనం చెప్తానవ్, సరే. ఇయ్యాల్టికి పాతదే పెడ్త. సేవ్ కొట్టిన. రీస్టార్ట్ అయితదట, రెండు నిమిషాలు.

ఆ… తేజస్వి సంగతా? ఏముంది, డీఎస్సీకి చదువుతాంది. పదిరోజుల కింద నా దగ్గరకొచ్చి, అక్కా నాకు సీటు మార్చు అన్నది. ఎందుకే అంటె ఫోన్ సూపెట్టింది. ఎవలో తెల్వని నంబర్. ‘ఇయ్యాల పచ్చ చున్నీ బాగున్నది’ అని మెసేజ్. ఇంకోనాడు, ‘గంటసేపట్నుంచి ఒక్క పేజీ తిప్పలే, ఏం ఆలోచిస్తానవ్’ అని…

అవును, భయమే. కానీ నేనేమన్ననో ఎర్కేనా? నీ పరిచయాలు బయట పెట్టుకో, ఇక్కడికి తేవద్దు అన్న. లోపట కూసున్న పిల్లలల్ల ఎవలో వాళ్ల అన్నలకో దోస్తులకో చెప్తాన్రు అనుకున్న. నెట్ గూడ ఈ పిల్లనే తాగుతాంది అనుకున్న. నలుగురి ముందర అన్న తమ్మీ. మల్ల రాకు అన్న.

ఏడ్వలే. బుక్కులు సంచిల పెట్టుకొని పోయింది. ఇంట్ల మగ్గం పక్కకు కూసొని చదువుతాందట, కట్టమ్మ చెప్పింది — మా హాలు ఊడిసే కట్టమ్మ. ఆ సప్పుడుల ఏం ఎక్కుతది?…

నేను మంచిపని చేసిన్ననా? ఏమో.

ఆగు. వచ్చింది. మల్ల లోపటికి పోయిన.

ఇక్కడ ‘కలిసిన పరికరాలు’ అని ఉన్నది. నాలుగు అని సూపెడుతాంది. నొక్కాల్నా?…

దానితోటి పనిలేదా? సూస్తె ఏమైతది? నొక్కిన.

మొదటిది నా ల్యాప్‌టాప్. రెండోది ప్రింటర్. మూడోది… ఐ, పీ, సీ, ఒక గీత, అంకెలు. ఇదేంది?…

మెట్ల కాడి కెమెరానా. ఓహో, కెమెరాకు అట్ల వస్తదా. బరాబర్.

మరి నాలుగోదానికి గూడ ఐపీసీ అనే ఉన్నదేంది?…

ఒక్కటే రెండుసార్లు పడ్డదా? కాదు తమ్మీ, అంకెలు వేరున్నయ్. దీని చివరకు ఏడు-రెండు, దాని చివరకు నాలుగు-తొమ్మిది…

పక్కింటోళ్లదా? పక్కింటోళ్లకు మా పాస్‌వర్డ్ ఎవలిచ్చిన్రు? పెట్టి రెండు నిమిషాలు కాలేదు. నా హాల్ల నరమానవుడు లేడు. నా ఫోన్ల వైఫై గూడ బంద్ చేసిపెట్టిన. ఇదెవలిది?…

నువ్వు ఆగుమంటె నేనాగ. మెట్ల కెమెరా ప్లగ్గు హాలు లోపటి గోడకే మీదికున్నది, అది పీకుత. ఒకటే అయితె రెండు పేర్లూ పోవాలె గదా. లైన్ల ఉండు.

…

ఆఁ, ఉన్న… పీకుతాన్న… ఏందీ?… ఆ, ఊగుతాంది దీని కాలు… పట్టుకున్న, పట్టుకున్న. పడలే. దిగుతాన్న.

దిగిన. ప్లగ్గు వచ్చింది.

…

సుదర్శన్.

నేను స్టూలెక్కిన్నని నీకెవలు చెప్పిన్రు?…

సప్పుడొచ్చిందా. ఏం సప్పుడు? పిల్లలు చదువుకుంటరని ఈ హాల్ల ప్రతి కాలుకు రబ్బరు బుడిపెలు ఏయించిన నేను. నూక్కుంట తెచ్చిన్న. నాకే సప్పుడు రాలే…

అందాజకు అన్నవా. ‘ఆ స్టూలు కాలు ఊగుతాంది, దిగక్కా’ అన్నవ్. ఆ మాటే అన్నవ్.

లేదు, నేనేం అనుకుంటలేను. ఉండు.

లిస్టు సూస్తాన్న. నాలుగు-తొమ్మిది పోయింది, అది మెట్లది. ఏడు-రెండు ఇంకా ఉన్నది.

నాకున్నది ఒక్కటే కెమెరా తమ్మీ. అదిప్పుడు బంద్ ఉన్నది. మరి ఇదేంది?…

రీసెట్ చెయ్యాల్నా? వెనుకున్న చిన్న రంధ్రంల పిన్ను పెట్టి పది సెకండ్లు ఒత్తాల్నా? ఒత్తితె ఏమైతది?… అంతా తుడ్సుకపోతదా. లిస్టు గూడనా?…

తర్వాత ఒత్తుత. ముందుగాల ఈ లిస్టు నా ఫోన్ల ఫోటో తీసుకుంటాన్న… ఊకెనే. నా దగ్గర ఉండనియ్యని.

తీసిన. ఇగో, ఈ పేరు పక్కకు బ్లాక్ అని ఉన్నది. ఒత్తుతాన్న…

ఎందుకొద్దు? ఏమన్న ఖరాబైతదా? నా రౌటర్, నా వైఫై. ఎవలిదో తెల్వనిదాన్ని ఆపుకుంటె నీకెందుకు పరేషాన్?…

ఒత్తిన. పోయింది. ఇప్పుడు మూడో నాలుగో లెవ్వు, రెండే ఉన్నయ్.

సుదర్శన్, ఇప్పుడు చెప్పు. నేనేడ నిలబడ్డ?

…

నా చేతిల ఏమున్నది?

…

ఇందాక స్టూలు కాలు గూడ కనపడ్డది గదా. ఇప్పుడు చెప్పు.

…

ఇగో, గోడలు సూసుకుంట నడుస్తాన్న.

…

నువ్వు చెప్పకున్న తెలుస్తది. ఇక్కడ గోడలకు నీ చేత్తోటి బిగిచ్చినవి మూడే. రౌటర్, మెట్ల కెమెరా. ఇంకోటి ఆ ఎమర్జెన్సీ లైటు. ‘ఊకెనే ఇస్తాన్నక్కా, కరెంటు పోతె పిల్లలకు ఇబ్బంది’ అన్నవ్. ప్లగ్గు పీకద్దు, బ్యాటరీ పోతదన్నవ్. కట్టమ్మ తుడుస్త అంటె గూడ వద్దన్నవ్.

దాని దగ్గరికే పోతాన్న… అరవకు. అరిస్తె ఏమైతది? నువ్వాడున్నవ్, నేనీడున్న.

చిన్నచిన్న బల్బులు వరుసగున్నయ్. నడిమిట్లది… నల్లగున్నది. అద్దమోలె మెరుస్తాంది.

అయ్యో… మూడో వరుస మీదికే సూస్తాంది ఇది. ఆ పిల్ల కూసునే తావు మీదికే.

…

సేఫ్టీ కోసమా? ఎవల సేఫ్టీకి? నాకు చెప్పకుంటనా?… దొంగలొస్తె పట్టుకుందామని పెట్టినవా? దొంగలు పచ్చ చున్నీ ఏసుకోని వస్తరా సుదర్శన్?…

ఆ మెసేజులు నీవి కావా? ఏ నంబర్ నుంచి వచ్చినయో నేను చెప్పలే, అంతల్నే నావి కావంటానవ్…

పిల్లల నంబర్లు నీకెట్ల దొరికినయో గూడ ఇప్పుడే సమజైంది. ప్రింటర్ పెట్టిన్నాడు, స్కానర్ పనిచేస్తాందో లేదో సూస్త, ఏదన్న కాగితం ఇయ్యక్కా అన్నవ్. నేనే ఇచ్చిన. నా చేతుల్తోటి పిల్లల రిజిస్టరే ఇచ్చిన. పేరు, ఊరు, ఫోన్ నంబర్.

…

ఎన్నాళ్లాయె?… ఎన్నాళ్లాయె అంటాన్న!

ఆగస్టు నుంచి. ఏడు నెలలు. ముప్పై రెండుమంది పిల్లలు ఇక్కడ తలకింద చెయ్యి పెట్టుకొని కునికిన్రు, చున్నీ తీసి కుర్చీకేసుకొని చదివిన్రు. మగోళ్లు లేరు గదా అని. అక్క ఉన్నది గదా అని.

ఏడ్వకు. నీ ఏడుపు నాకెందుకు?…

నీ భార్యకు ఎర్కైతె చస్తదా? ఎర్క గానియ్. నీకూ ఇద్దరు ఆడపిల్లలున్నరు, వాళ్లను అడ్డం పెట్టకు…

లేదు, నువ్వు రాకు. గంటల వచ్చి తీసేస్తవా? తీసేస్తె అయిపాయెనా? నువ్వు ఈ మెట్లెక్కితె మెడికల్ షాపు సాంబయ్యను పిలుస్త, బజారంతా పిలుస్త. ఆ లైటును నేను ముట్ట, నిన్ను ముట్టనియ్య. ఎట్లున్నదట్లనే ఉంటది. పోలీసోళ్లే వచ్చి ఇప్పుతరు…

నా హాలు మూతపడుతదా? పడుతదేమో. నర్సంపేట నుంచి, పర్కాల నుంచి అమ్మనాయనలు నా మొఖం సూసి పంపిన్రు వాళ్లను. వాళ్లు రేపొచ్చి అడిగితె ఏం చెప్తనో నాకు తెల్వది. దాచిపెట్టి నడిపేదానికన్న మూస్కపోయిందే నయం. బోర్డు నేనే దింపుకుంట.

…

నన్నే అంటవా? నీకెందుకు అనుమానం రాలేదక్కా అంటవా?

వచ్చింది. అనుమానం నాకు శానా వచ్చింది. పిల్లలమీద వచ్చింది. కింద షాపోళ్లమీద వచ్చింది. సాక్ష్యం చేతిల పట్టుకొని నా ముందర నిలబడ్డ ఆ పిల్లమీద వచ్చింది. తమ్మీ అని పిలిచి చాయ్ పోసిన నీమీద మాత్రం రాలే.

…

చాలు. ఇంక ఒక్క మాట గూడ వద్దు. లోపట తలుపుకు తాళమేస్తాన్న, బయట గ్రిల్లుకు ఇంకోటి. రెండు తాళంచెవులూ నాతోనే ఉంటయ్. ఇప్పుడు ఆటో మాట్లాడుకొని కాశిబుగ్గకు పోత. యాదవ్వ ఇంటికి. ఆ పిల్ల వస్తనంటె ఇద్దరం కలిసి స్టేషన్‌కు పోతం. రానంటె నేనొక్కదాన్నే పోత.

…

ఏం చెప్తవక్కా ఆ పిల్లకు, అని అడుగుతానవా?

ఎర్కలేదు. ఎట్ల షురూ చెయ్యాల్నో, ఆ గడపల ఏ మొఖం పెట్టుకొని నిలబడాల్నో నాకే ఎర్కలేదు. నన్ను లోపటికి రానియ్యకపోవచ్చు గూడ.

నిన్నడుగుతలేను సుదర్శన్. నువ్వు చెప్పకు.

పెట్టేస్తాన్న.