షెడ్డు బూడిద, ఇంటి మడి

“అవ్వా, ఇంటెనకాల మడిలో ఉర్లగడ్డ పెట్టకుండా బంతిపూలు యాల పెట్టినావు? నాకు ఆ గడ్డల ఏపుడే తినాలనుండాది.”

కూసో మే, స్టూలేసుకోని కూసో. కడుపుతో ఉండావు, ఆరో నెల, కింద కూసుంటే లేచేదానికి యాతన.

మన రామకుప్పం పక్క వాడిక నీకు తెలుసు కదా. సంతకి ఒక చేను, ఇంట్లోకి ఒక మడి. సంత చేనుకి మందులు కొడతారు. ఇంటి మడికి పేడెరువు, పొయ్యి బూడిద, అంతే. బూడిద సల్లితే పురుగు రాదని మా అత్త సెప్పింది, ఆమెకి వాళ్ళత్త సెప్పిండాది. పొయ్యి బూడిదైతే తప్పేం లేదు.

అప్పుడు నీకు రెండేండ్లు... కాదు కాదు, ఇంగా యాడాది నిండలా, పండ్లే రాలా. రోడ్డు పక్క ఎవురో పరాయూరోడు రేకుల షెడ్డేసి, లారీల పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగిస్తాండె. ఆడ గుట్టగా బూడిద. మీ తాత మంచోడే గానీ, ఊరికే వస్తుందంటే అందురికంటే ముందుంటాడు. పోయి అడిగినాడు. “ఎత్తుకోని పోండి పెద్దాయనా” అని, పైగా ఆ షెడ్డోడే టీ ఇప్పించినాడంట. ధర్మాత్ముడు! నేనే గంపలతో మోసినా. చేనుకంతా సాలదు కదా, ఇంటి మడికి మాత్రం దండిగా ఏసినాం. మంచిది ఇంట్లోకి, మిగిలింది సంతకి.

పురుగొస్తే ఒట్టు! పురుగుకుండే తెలివి మాకు లేకపోయె.

పుంగనూరు మా చెల్లెలొచ్చి ఇంటి మడి ఉర్లగడ్డలు గంపెడు అడిగె. ఇయ్యలా. సంత చేనువి ఒక సంచి కట్టిస్తి. ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు మే. నా పిసినారితనమే దాన్ని కాపాడె.

పొట్టులోనే బలమని పొట్టు తీయకుండా ఉడకబెట్టి, నెయ్యేసి మెదిపి, నీకు తొలి ముద్ద పెట్టింది ఈ చెయ్యే. మూడో ఏడొచ్చినా నీకు మాట రాలా. కడుపునొప్పని ఏడుస్తావు, అన్నం తోసేస్తావు. నేనేం చేస్తి? నీరసమని ఇంగో గడ్డ మెదిపి పెడితి. కుప్పం డాక్టరు రగతం పరీక్ష చేయించి, సీసం ఉండాదనె. “పాప ఏం తింటుందమ్మా?” అనె. “బయటి తిండి ముట్టించం సారూ, అంతా ఇంటి మడిదే” అంటి, గొప్పగా.

తర్వాత మన్ను పరీక్ష చేస్తే మడిలో ఉండాది, గడ్డల్లో ఉండాది. సంత చేన్లో లేదు. సంతలో కొన్న పేటోళ్ళు మా గడ్డలు తిని సల్లంగుండారు. షెడ్డోడు రేకులు గూడా ఇప్పుకోని పోయినాడు, బూడిద మాత్రం మనకే మిగిలె.

ఆ గడ్డలు మానిపించి మందులు తాపితే నీకు నయమాయె, సదివి టీచరైతివి. అయినా నువ్వేదన్నా మర్సిపోతే, ఆ సీసం పనేనేమో అనుకుంటా. ఎవురికీ సెప్పలా.

అందుకే బంతిపూలు. దేవుడికి దండేస్తారు, ఆయప్ప తినడు కదా.

ఏపుడు సంత గడ్డలతోనే చేసినా, పొట్టు మందంగా తీసినా, తిను. ఇంగొకటి. నీ బిడ్డకి అన్నం ముట్టించే దినం పెద్దదాన్నని నన్నే పెట్టమంటారు. వద్దు మే. నువ్వే పెట్టు. నాకు బయం. పక్కన కూసోని సూస్తా. సల్లంగుండు తల్లీ. నీ బిడ్డకి బిన్నా, నీ మాదిరి ఆలీసెం కాకుండా మాట రావాల, అవ్వా అని...