అరవని గేదె

1990 మే నెల. రేపల్లె దిగువన, కృష్ణ సముద్రంలో కలిసేచోట, ఆసామి తనదంటున్న లంక. అక్కడ ఉండేది కాపలాదారు యలమంద, అతని పెళ్ళాం వరమ్మ, అంతే. ఆసామి గుమస్తా హనుమంతరావు తెరచాప పడవ వేసుకొచ్చి దిగాడు. పడవ నడిపేది సీమోను.

“తుఫానూ లేదు, గిఫానూ లేదు. ముసురు. గేదెని ఎక్కించరా యలమందా.”

“ముసురుకే గేదెని తీసుకుపోతారాండి, గుమస్తాగారూ?”

“ఆసామి తెమ్మన్నాడు.”

“సీమోనూ, నువ్వు చెప్పు. నిజాంపట్నం రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు?”

“పదోది, అన్నా.”

“నిన్నెవడు అడిగాడ్రా సీమోనూ!”

“పదో నంబరా! ఒసే వరమ్మా, మూట కట్టు. మనమూ ఎక్కుదాం.”

“మూటా వద్దు, గీటా వద్దు. నువ్విక్కడే ఉండాలి.”

“ఎందుకుండాలండి? ఈ ఇసకని ఎవరెత్తుకుపోతారు?”

“కూలోళ్ళ సంఘం ఎత్తుకుపోద్ది. పెనుమూడిలో జెండాలు కుట్టించుకుని కూర్చున్నారు. మనిషి లేకపోతే తెల్లారేసరికి పాతేస్తారు. మనిషుంటేనే లంక మన స్వాధీనంలో ఉన్నట్టు.”

“ఉప్పెనొస్తే ఆ మనిషెక్కడుంటాడండి?”

“తాటిచెట్టెక్కు.”

“డెబ్బై ఏడులో మా నాన్న ఎక్కాడండి. చెట్టుతో సహా పోయాడు.”

“కబుర్లాపి గేదెని తోలు.”

“గేదెపాటి చెయ్యమాండి మేము?”

“గేదె పూటకి ఆరు లీటర్లిస్తది. నువ్వేమిస్తావు?”

“నేనుండను. పడవ పట్టుకుని ఈదుకుంటూనైనా వస్తా.”

“సరే. సరేలేరా. ఎక్కుదువుగాని. ఇద్దరూ లోపలికెళ్ళి మూట కట్టుకురండి.”

“మూట కట్టేశామండి.”

“అయితే ఇక గేదెని ఎక్కించు.”

“వరమ్మ చెయ్యేస్తేనే అది కదులుద్దండి.”

“అందుకే వరమ్మని ముందెక్కమను. దూడేదిరా?”

“ఇందాకటిదాకా గుడిసె పక్కనే కట్టేసుందండి.”

“తాడు తెంపుకునుంటది. పో, ఆ చివర సరుగుడు తోటలో చూడు. దూడ లేకుండా పోతే ఆసామి నా తోలు తీస్తాడు.”

“నేనొచ్చిందాకా ఆగుతారుగా?”

“నిన్నొదిలి పోతామా! పరిగెత్తు.”

*

“గుమస్తాగారూ, మా ఆయన ఇంకా రాలేదు. తెరచాప ఎత్తుతున్నారేంటండి?”

“గాలి మళ్ళుతోంది. సర్దుకుంటున్నాం.”

“పడవ కదులుతోందండి!”

“లోతులో ఆపుతాంలే వరమ్మా. నువ్వు గేదెని పట్టుకో.”

“ఒడ్డు దూరమైపోతంది. సీమోనూ, ఆపవయ్యా! అయ్యా, ఆపమనండయ్యా!”

“నన్నేం చెయ్యమంటావు వదినా...”

“నోర్మూసుకుని చుక్కాని పట్టరా.”

“ఇదేంటి... ఈ గేదె దూడ కనపడకపోతే లంక దద్దరిల్లేట్టు అరుస్తది. ఇయ్యాల అరవదేంటండి?”

“గేదెల సంగతి నాకేం తెలుసు.”

“సీమోనూ, ఆ పట్టా కిందేంటి? కదులుతోంది.”

“మీరు మూట కట్టుకుంటుంటే... ఎక్కించమన్నారు వదినా. మూతి కట్టమన్నారు.”

“దూడ! మావా! వెనక్కి రా! దూడ ఇక్కడే ఉంది మావా!”

“అరవకు వరమ్మా. గేదె బెదురుద్ది.”