వాత పెట్టిన మందు డబ్బా

సీతారావమ్మ ఇంటికి పురుగుల మందు డబ్బా ఏది వచ్చినా, దానికి వాత పెట్టనిదే గడప దాటనిచ్చేది కాదట. వాత అంటే నిజంగా వాతే, వేళాకోళం కాదు. పొయ్యిలో అట్లకాడ కొనను ఎర్రగా కాల్చి, ప్లాస్టిక్ డబ్బాను బోర్లించి, దాని అడుగున కత్తెర గుర్తులాగా ఇటొక గీత, అటొక గీత కాల్చేది. చుయ్యిమని పొగ లేచేది, కంపు కొట్టేది. ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, ‘ఇక పో, నీ చోటికి నువ్వు పో’ అంటూ దాన్ని తీసుకువెళ్లి పశువుల కొట్టంలో అటక మీద పెట్టేది. ఇది ఆవిడ కనిపెట్టిన ఆచారం కాదు, అత్తగారి దగ్గరనుంచి వచ్చింది. ఆ అత్తగారికి అక్షరం ముక్క రాదు. ఒకసారి ఏమైందంటే, దీపం నూనె అనుకొని ఇంట్లో ఎవరో పురుగుల మందు సీసా దింపి ప్రమిదలో పోయబోయారట. ఆ రోజునుంచి వాతలు మొదలుపెట్టిన అత్తగారు, ‘కాగితం చిరిగిపోతుంది, రంగు వెలిసిపోతుంది, కంటికి చత్వారం వస్తుంది, వేలికి తగిలే గుర్తొకటి ఉండాలే కోడలా’ అని చెప్పి, ఈ అలవాటు నేర్పి మరీ కన్ను మూసింది. ఊళ్లో ఆడవాళ్లు నవ్వేవారనుకోండి. ‘పిల్లలకు వాతలు పెట్టేవాళ్లను చూశాం గానీ, డబ్బాలకు వాతలు పెట్టేదాన్ని నిన్నే చూస్తున్నాం వదినా’ అనేవారు. ‘పిల్లల మీదికి ఏ ఆపదా రాకూడదనే డబ్బాలకు పెడుతున్నానమ్మా’ అనేది ఈవిడ. ఆ అట్లకాడకు ఒకవైపు కొన విరిగిపోయి ఉండేది, అందుచేత కత్తెర గుర్తులో ఒక కాలు ఎప్పుడూ పొట్టిగానే పడేది. దాన్ని కుంటి వాత అని పిలిచేవారు. ఊరందరికీ తెలుసు ఆ కుంటి వాత. అట్లకాడను గురించి మీకొక అనుమానం వచ్చే ఉంటుంది, నాకు తెలుసు. చివర చెబుతాను, ఓపిక పట్టండి.

ఆ ఊరు ఎర్రవాగుపాలెం. ఎటు చూసినా మిరపతోటలే. సీతారావమ్మ భర్త ఆంజనేయులు మాటకు నెమ్మది, పనికి గట్టివాడు. ఆవిడ తమ్ముడు పేరయ్యకు అదే ఊళ్లో ఎరువులూ పురుగుల మందులూ అమ్మే కొట్టు ఉండేది. తల్లి చిన్నప్పుడే పోతే, ఆ పేరయ్యను చంకన వేసుకొని పెంచింది ఈవిడే. పెద్దవాడయ్యాక కూడా వాడి చొక్కా గుండీ ఊడిపోయిందంటే పిలిచి కుట్టేది, అలాంటి అక్క. ఇక మూడో మనిషి పోలయ్య. పాత సామాన్లవాడు. మోపెడ్ బండికి మైకు కట్టుకొని, ‘పాత ఇనుముకీ, పాత ప్లాస్టిక్కుకీ ఉల్లిపాయలు ఇస్తామమ్మా’ అని అరిపించుకొంటూ వీధివీధీ తిరిగేవాడు. అందరి డబ్బాలకూ గుప్పెడు ఉల్లిపాయలు వేసేవాడు, సీతారావమ్మ డబ్బాలకు మాత్రం మానికెడు కొలిచేవాడట. ఎందుకంటే ఈవిడకు శుభ్రమంటే ప్రాణం. ఖాళీ అయిన మందు డబ్బాను పొలంలో బోరు దగ్గరే బూడిద వేసి కడిగి, ఎండబెట్టి, మూత బిగించి, కాగితం నలగకుండా దాచేది. పోలయ్య వాటిని చేతిలోకి తీసుకొని, ‘అక్కా, నీ డబ్బాలు పెళ్లికూతుళ్లలాగా ఉంటాయి’ అని మురిసిపోయేవాడు. ‘కరిగించేవాటికి మూత ఎందుకయ్యా, కాగితం ఎందుకయ్యా?’ అని ఒకసారి అడిగిందట. ‘మా ఆవిడకు అందమంటే ఇష్టం అక్కా, నన్ను చేసుకోలేదూ?’ అన్నాడు వాడు. వాడి మొహం చూసి ఈవిడకు నవ్వు ఆగలేదు. నవ్వింది, ఉల్లిపాయలు కొంగులో పోయించుకొంది, లోపలికి వెళ్లిపోయింది. ఈ ఉల్లిపాయలను గుర్తుపెట్టుకోండి.

మరుసటి ఏడు కార్తీకంలో తోట నిండా పూత వచ్చింది. వచ్చిన పూతలోకి తామర పురుగు దిగింది. పూవు విప్పి అరచేతిలో దులిపితే నల్లని నలకల్లాగా పాకేవట. ఆకు దోనెలాగా ముడుచుకుపోతోంది, పూత రాలిపోతోంది. ఆంజనేయులు బావమరిది కొట్టుకు పరుగెత్తాడు, పేరయ్య ఒక మందు ఇచ్చాడు, కొట్టాడు. పురుగు పోలేదు. మళ్లీ వెళితే, ‘నువ్వు పొద్దెక్కాక కొట్టి ఉంటావు బావా, చల్లటిపూట కొట్టు’ అన్నాడట. చల్లటిపూట కొట్టాడు. పురుగు పోలేదు సరికదా, ఇంకాస్త బలిసినట్టు కనిపించింది. ఆంజనేయులు గట్టుమీద కూలబడి, ‘ఇక నావల్ల కాదే, దున్నిపారేద్దాం తోటను’ అన్నాడట. నారు పోసిన దగ్గరనుంచి బిడ్డలాగా సాకిన తోట అది. ఆ ఏడు ఇంటిల్లిపాదికీ అదొక్కటే ఆధారం, ఇంకో చేను లేదు, ఇంకో పంట లేదు. సీతారావమ్మ, ‘దున్నడం ఎంతసేపు, చివరిసారిగా తమ్ముణ్ణి ఇంకొక డబ్బా అడిగి చూడండి’ అంది. తమ్ముడంటే అంత నమ్మకం.

ఆంజనేయులు వెళ్లి, సీలు కూడా విప్పని కొత్త డబ్బా తెచ్చి అరుగుమీద పెట్టాడు. సీతారావమ్మ అలవాటు ప్రకారం పొయ్యిలో అట్లకాడ పెట్టింది. అది ఎర్రబడ్డాక ఒక చేత్తో దాన్ని పట్టుకొని, రెండో చేత్తో డబ్బాను బోర్లించింది. బోర్లించి, అలాగే ఆగిపోయింది. ఎందుకనుకొన్నారు? అడుగున వాత ఉంది. వేలితో తడిమి చూసింది. ఇటొక గీత, అటొక గీత, ఒక కాలు పొట్టి. డబ్బాను తిప్పి మూత చూసింది, సీలు చెక్కుచెదరలేదు. మళ్లీ అడుగు తడిమింది. తన చేతి వాతే. చేతిలో అట్లకాడ ఎరుపు తగ్గి, నల్లబడి, చల్లారిపోయింది, ఆవిడ మాత్రం కదలలేదట. ‘ఏమే, పెట్టావా వాత?’ అని ఆంజనేయులు అరుగుమీదనుంచి అడిగాడు. ‘ఎప్పుడో పెట్టాను’ అంది. ఆ గొంతు విని ఆయన లోపలికి వచ్చాడు, చూశాడు, ఆయనకూ అర్థమైంది. మన డబ్బాలోనే ఏ రంగునీళ్లో పోసి మనకే అమ్మారా, వాడి మెడ పట్టుకొని అడుగుతానంటూ కండువా దులిపి లేచాడు. సీతారావమ్మ ఆయన చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టి, ‘మీరు కూర్చోండి. వాడు నా తమ్ముడు, ఇది నేను కడిగిన డబ్బా. నేను వెళతాను’ అంది.

డబ్బాను కొంగు చాటున పెట్టుకొని బయలుదేరింది. దారి పొడుగునా ఆవిడ ఆలోచన ఏమిటంటే, తమ్ముణ్ణి పక్కకు పిలిచి చెవిలో చెబుదాం, సరుకు వెనక్కి పంపించేయమందాం, నలుగురిలో వాడి పరువు పోకుండా చూద్దాం, ఇదీ. ఇందులో తప్పేముంది చెప్పండి, పెంచిన చెయ్యి కదా. తీరా వెళ్లేసరికి కొట్టు ముందు బల్లమీద రైతులు కూర్చొని ఉన్నారు. ఏడుకొండలు అని, కౌలుకు మిరప వేసిన కుర్రవాడు, సరిగ్గా ఆ మందు డబ్బానే చేతిలో పట్టుకొని నిలబడి ఉన్నాడు. పేరయ్య ఈవిడను చూసి, ‘ఏంటక్కా ఇలా వచ్చావు, కాఫీ తాగుతావా?’ అన్నాడు. ఈవిడ నోరు తెరిచేలోపల ఏడుకొండలు అడ్డు తగిలి, ‘పిన్నీ, బాబాయి కూడా ఇదే కొట్టాడంట కదా, పని చేసిందా?’ అని అడిగాడు. ‘చెయ్యకేం రా, మా అక్కావాళ్ల తోట నవనవలాడిపోతుంటే’ అని పేరయ్య తనే జవాబు చెప్పేశాడు, చెప్పి అక్క వైపు చూశాడు. చిన్నప్పుడు మజ్జిగ కుండ పగలగొట్టి, చెప్పవద్దని ఇలాగే చూసేవాడట. అప్పుడు ఈవిడ చెప్పేది కాదు, పిల్లి పగలగొట్టిందనేది.

ఈసారి పిల్లి పేరు చెప్పలేదు. కొంగు చాటునుంచి డబ్బా తీసి, ‘ఏడుకొండలూ, దీని అడుగు ఒకసారి తడిమి చూడు నాయనా’ అంది. వాడు తడిమి పెద్దగా నవ్వాడు. ‘మీ ఇంటి కుంటి వాతే కదా పిన్నీ! అప్పుడే పెట్టేశావా?’ అన్నాడు. ‘పెట్టాను. పోయిన ఏడు’ అంది. వాడి నవ్వు మొహం మీదే ఉండిపోయింది. ‘సీలు చూడు’ అంది. చూశాడు. బల్లమీదివాళ్లు ఒక్కొక్కరే లేచి వచ్చారు. కొట్టులో ఆ మందున్న అట్టపెట్టె కిందికి దించి, ఉన్న డబ్బాలన్నీ వరసగా బోర్లించారు. కొన్నింటికి ఏమీ లేదు, కొన్నింటికి కుంటి వాత ఉంది. ఒక ముసలాయన, ‘అయితే సీతారావమ్మా, మా తోటను తిన్నది నీ ఇంటి డబ్బానేనన్నమాట’ అన్నాడు. ‘అవును మావయ్యా. కడిగి, ఆరబెట్టి, మూత పెట్టి మరీ ఇచ్చాను’ అంది.

అప్పుడు పేరయ్య, ‘నాకేం తెలుసక్కా, టౌనులో ఒకాయన సగం ధరకే ఇస్తానన్నాడు, బిల్లు మాత్రం అడగొద్దన్నాడు’ అన్నాడు. ‘సగం ధరకు ఎలా వస్తుందని అడిగావా?’ ‘అడగలేదు.’ ‘నేనూ అడగలేదురా. పోలయ్య ఏదో హాస్యమాడితే నవ్వి ఊరుకొన్నాను. నువ్వు అడగలేదు, నేను అడగలేదు, మన ఇద్దరి మధ్యా ఊరి తోటలు పోయాయి. ఇప్పుడు వ్యవసాయాధికారికి నువ్వు ఫోను చేస్తావా, నన్ను చేయమంటావా?’ పేరయ్య ఫోను తీసి తానే చేశాడట.

అధికారి వచ్చాడు, సరుకు పట్టుకొన్నాడు, కొంత పరీక్షకు పంపాడు, కొట్టుకు తాళం వేశాడు. పేరయ్య టౌనులో మనిషి పేరు చెప్పాడు. వాడూ దొరికాడు, వాడికి ఖాళీ డబ్బాలు అమ్ముతున్న పోలయ్యా దొరికాడు. ఆంజనేయులు తోటను దున్నలేదు. సొసైటీలో బిల్లు రాయించుకొని మంచి మందు తెచ్చి కొట్టాడు. కింది కాపు పోయింది, కొసన మళ్లీ పూత నిలిచి ఆలస్యంగా కాసింది. ఇంట్లో పొయ్యి ఆరకుండా గడిచిందంటే అదే చాలనుకొన్నారు. తమ్ముడు మాత్రం అక్కతో మాట మానేశాడట. ఆ వీధిన వెళ్లవలసి వస్తే గోడవైపు చూసుకొంటూ పోయేవాడు. ఈవిడ అరుగుమీద కూర్చొని చూసేది. పిలవలేదు, తిట్టలేదు. ఒక చొక్కాకు గుండీ లేకపోవడం మాత్రం గమనించిందట.

తరువాతి ఏడు మళ్లీ మిరప వేశారు. ఒకనాడు సీతారావమ్మ వంట చేసుకొంటుంటే గడప అవతల ఎవరో నిలబడ్డారు. చూస్తే పేరయ్య. కొట్టు లేదు కదా, ఇప్పుడు వాడూ ఒక పొలం చెక్క కౌలుకు తీసుకొని సేద్యం చేస్తున్నాడు. చేతిలో మందు డబ్బా ఉంది. ‘అక్కా, పొయ్యి వెలుగుతోందా?’ అన్నాడు. ఈవిడ డబ్బా అందుకొంది. ముందు బోర్లించి తడిమింది, నున్నగా ఉంది. బిల్లు ఏదిరా అంది, జేబులోనుంచి తీసి చూపించాడు. అప్పుడు అట్లకాడ కాల్చి కుంటి వాత పెట్టి, ‘ఖాళీ అయ్యాక మళ్లీ తీసుకురా’ అంది. తరువాత, ‘ఆ చొక్కా విప్పు, గుండీ కుడతాను’ అంది.

ఖాళీ అయ్యాక ఎందుకంటే, ఇప్పుడు ఆ ఊళ్లో ఆడవాళ్లందరూ ఖాళీ డబ్బాను ఎర్రగా కాలిన అట్లకాడతో ఈ వైపునుంచి ఆ వైపుకు తూట్లు పొడిచి గానీ బయటికి ఇవ్వరట. తూట్లు పడినదాన్ని ఎవరు నింపగలరు? కొత్తగా వస్తున్న సామాన్లవాడు ఆ డబ్బాలు చూసి మొహం చిట్లించి, ఇచ్చే గుప్పెడు ఉల్లిపాయల్లో కూడా కుళ్లినవి ఏరి ఇస్తున్నాడట. ఇవ్వనివ్వండి. ఎర్రవాగుపాలెంలో పులుసు రుచి ఏమీ తగ్గలేదు.

ఇక ఆ అట్లకాడ సంగతి. అడుగుతారని తెలిసే ముందే మాట ఇచ్చాను. దానితో అట్లు తిప్పరు. అట్లకు వేరే అట్లకాడ ఉంది, వంటింట్లో కుడివైపు మేకుకు వేలాడుతూ ఉంటుంది. నేను ఆ ఇంట్లో అట్లు తిన్నాను, ముందు ఆ మేకు ఖాళీగా ఉందని చూసుకొనే తిన్నాను.