పదిహేడో నంబరు ట్యూబు

మదురైలో ఒక కేన్సర్ పరిశోధనశాల, మధ్యాహ్నం మూడు గంటలు. ట్యూబుల్లో ఎంజైము ఎంతుందో లెక్కపెట్టే మిషన్ ముందు పాతికేళ్ళుగా ఇక్కడే పనిచేస్తున్న అర్పుదం, ఆర్నెల్ల కిందట చేరిన కయల్విళి.

“మళ్ళీనా? ఇప్పటికి మూడుసార్లు పెట్టామక్కా!”

“పెట్టు.”

“మూడుసార్లు చాలని మీరేగా నేర్పించారు. ఖాళీ ట్యూబు నలభై. పదిహేడో నంబరు నాలుగు వేలు. మూడుసార్లూ అంతే.”

“ఐస్‌లోనే ఉంచావా?”

“ఐస్‌లోనే. అబ్బ, ఏం ఎంజైమక్కా ఇది! డీఎన్‌ఏ మీద మనం పెట్టిన మచ్చలన్నీ తుడిచిపారేసింది. ఇంత చురుకైనదాన్ని నేను చేరాక చూళ్ళేదు.”

“సంబరపడకు. ముక్క ఎక్కణ్ణించి వచ్చింది?”

“మెదడు గడ్డలోంచి... అయ్యో, అవును కదూ. గడ్డని చంపడానికి మందు పెట్టే మచ్చల్ని కూడా ఇలాగే తుడిచేస్తుంది.”

“ఊఁ.”

“గురువారం ఆ మందు మాత్రలు మొదలని ముక్కతో వచ్చిన కాగితంలో ఉంది. అవిక పనిచెయ్యవన్నమాట.”

“పెద్దగా చెయ్యవు.”

“పాపం! డాక్టరుగారికి ఫోన్ చెయ్యనా?”

“ఆగు. ముక్క దారిలో కరిగి పాడైందని రాస్తే?”

“పాడైతే ఎంజైము చచ్చి నంబరు తగ్గాలి, పెరగదు. అదీ మీరే చెప్పారు.”

“చెప్పాను. నేనే చెప్పాను.”

“ఏమైందక్కా మీకు? పొద్దుట్నుంచి ఒక్క ట్యూబు ముట్టుకోలేదు. అన్నీ నాచేతే చేయించారు.”

“నేను చేస్తే తగ్గుతుంది.”

“నంబరా? ఎందుకు తగ్గుతుంది?”

“తగ్గించేస్తాను. ఒక చుక్క తక్కువ పోస్తాను. అందుకే నీకిచ్చాను.”

“అక్కా... ఈ పదిహేడు ఎవరు? మనకి పేర్లు రావుగా.”

“పేర్లు రావు. వయసు వస్తుంది, ఆస్పత్రి, ఆపరేషన్ తేదీ వస్తాయి. ఆ రోజు ఆ ఆస్పత్రిలో తలకి ఒక్కటే ఆపరేషన్. బయట బెంచీ మీద కూర్చున్నది నేను.”

“దేవుడా! మీ ఆయనకా, దురై అన్నకా? సెలవు పెట్టినప్పుడు హెర్నియా అన్నారే!”

“అన్నాను.”

“కూర్చోండక్కా. ఇదిగో నీళ్ళు. కాస్త ఏడవండి, పోనీ.”

“రావట్లేదు కయల్. నంబరు చూడగానే వస్తుందనుకున్నా. ఏమీ లేదు. మొద్దుబారిపోయాను. రాసెయ్, నాలుగు వేలు.”

“రాయలేను.”

“రాయి. పనికిరాని మాత్రలు మింగి వాంతులు చేసుకోవడమెందుకు, ఆ డాక్టరేదో ఇంకో దారి చూస్తాడు. రాసి ఫోన్ చెయ్.”

“మరి అన్నకేం చెప్తారు?”

“కింద ఆటోలో కూర్చున్నాడు. ఇవాళ లెక్క తేలుతుందని తెలుసు. ఎంతొచ్చిందే అంటాడు. బోలెడొచ్చిందంటాను. ఎక్కువంటే మంచిదనుకుంటాడు కయల్, చల్లగా జిగర్‌తండా పాలు తాగి ఇంటికెళ్దామంటాడు.”