పిలిస్తే పలికినవాడు

ఇంకా ఎంతసేపని పడుకుంటావయ్యా ఈ పెట్టెలో? మోసేవాళ్ళు వస్తేగా!

చావింటికి చుట్టూ నాలుగిళ్ళవాళ్ళు భుజం పట్టాలి, అదీ మన ఊరి కట్టుబాటు. నువ్వు పట్టలేదూ? ఊరంతా నీకు తోడేలని పేరు పెట్టినా, పక్కింటి హెన్నెస్ తండ్రిని వానలో మొయ్యడానికి నీ భుజమే కావలసొచ్చింది. ఇవాళ అడగబోతే వాడికి నడుం పట్టేసిందట. మొన్న బలిసిన పందిని ఒక్కడే ఎత్తి బండిలో వేశాడు, మరి అదెవరి నడుమో. మిగతా మూడిళ్ళవాళ్ళు తలుపే తియ్యలేదు. పాదిరిగారేమో, గంట కొట్టిస్తాను ప్లోనీ, మొయ్యమని మాత్రం ఎవరికీ చెప్పలేనన్నారు.

అంతా ఆ ఒక్క కోతల రోజు వల్లే కదూ.

రై పంట చేలో ఏదో బూడిదరంగుది కదిలింది. అప్పటికే ఊళ్ళో రెండు గొర్రెపిల్లలు పోయాయి. తోడేలుగా మారినవాణ్ణి జ్ఞానస్నానం నాటి పేరుతో ముమ్మారు పిలిస్తే మనిషై లేస్తాడంటారుగా. పిలవండే, పిలవండే అని ఆడవాళ్ళంతా ఒకటే గోల. వాలెంటీన్ అని మూడుసార్లూ పిలిచింది నేనే.

లేచావు! సీసా ఖాళీ చేసి చేలో నిద్రపోయినవాడివి, జుట్టు నిండా గడ్డిపరకలతో లేచి, "ఏంటే ప్లోనీ?" అన్నావు.

కొడవళ్ళు పారేసి పరిగెత్తారు. నీ వెనకాలే హెన్నెస్ వాళ్ళ కుక్క బయటికొచ్చింది, బూడిదరంగుది. దాన్నెవరు చూశారు?

ముప్పై ఎనిమిదేళ్ళు. మన గొర్రెపాలు ఎవరూ ముట్టలేదు, ఒక్క బిడ్డకీ నిన్ను జ్ఞానతండ్రిగా పిలవలేదు. నన్ను పల్లెత్తు మాటనలేదు నువ్వు. "పిలిచావు, పలికాను, అంతేగా" అనేవాడివి.

అంతమంది మగాళ్ళుండగా నీ పేరే ఎందుకు పిలిచానని నువ్వు అడగనైనా లేదు. అడిగితే, నోటికొచ్చిన పేరు అని చెబుదామనుకున్నాను.

కాదయ్యా. ఆ తోడేలువి నువ్వేనేమోనని ముందునించే నాకు అనుమానం. పెళ్ళయిన కొత్తలో గొర్రెల్ని చూసొస్తానని పోయి, పొద్దెక్కాక బూట్ల నిండా బురదతో వచ్చేవాడివి. ఎక్కడున్నావో చెప్పేవాడివి కాదు.

తోడేలైనవాడి పళ్ళ సందుల్లో, వాడు మీదపడి కరిచిన ఆడదాని ఎర్ర పావడా పోగులు చిక్కుకుంటాయంటారే. పొద్దున నీకు నీళ్ళు పోశాక, గడ్డం కింద గుడ్డ కట్టేముందు నోరు తెరిచి చూశాను. తల కిటికీ వైపు తిప్పి మరీ చూశాను.

నాలుగు పళ్ళు మిగిలాయి నీకు. వాటి మధ్య ఏమీ లేదు.

సరే, ఆవునే బండికి కడతాను. ఊరివాళ్ళని ఏ మొహం పెట్టుకుని తిట్టనూ?