గుడ్డ లేని కుట్టు

హలో… ఆ, నేనేనోయ్, బావని. అక్క ఫోనే, నా చేతిలో ఉంది.

… అవునా. నీ ప్రదర్శనకి హాలంతా నిండిపోయిందా. మంచిది.

… అక్కనా? ఇప్పుడా?… పెద్ద తెర మీద కనబడి ఓసారి చెయ్యి ఊపాలా.

ఏం లేదు, వింటున్నా. చెప్పు.

… ఏమన్నావ్? మళ్లీ అను.

"మిషన్ మీదే ఉందిగా, కాసేపు ఆపి రమ్మనండి" అనా? మిషన్ మీద ఉందని నీకెవరు చెప్పారు?

… తెర మీద గీత కదులుతోందా. ఇప్పుడు? నీ కళ్ల ముందే?

నువ్వు ఈ కుట్టు మిషన్ కింద బిగించిపోయిన డబ్బా గీసేదేగా. అక్క ఇక్కడ ఒక కుట్టు వేస్తే నీ సైట్‌లో ఒక గీత పడుతుందని, ఊరూవాడా కూర్చుని చూస్తారని చెప్పావ్. ఆ గీతేగా?

… జోరుగా కుడుతోందా. ఓహో.

నేను ఆ మిషన్ పక్కనే నిలబడి ఉన్నానయ్యా. దాని మీద దుప్పటి కప్పి ఉంది. దుప్పటి మీద మందుల సంచి ఉంది.

… ఎవరికంటావేంటి. మీ అక్కకే.

పోయిన సోమవారం. గౌనుకి అంచు కుడుతూ కుడుతూ అలాగే ముందుకు వాలిపోయింది. నేను పొలం నుంచి వచ్చేసరికి సూది ఇంకా గుడ్డలోనే దిగి ఉంది. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. మూతి ఓ పక్కకి లాగేసి మాట ముద్దగా వస్తోంది.

… అరవకు. చుట్టూ జనం ఉన్నారన్నావ్. బయటికొచ్చి మాట్లాడు.

…

వచ్చావా.

ఎందుకు చెప్పలేదా? ఆమె చెప్పనివ్వలేదు. ఆసుపత్రిలో కళ్లు తెరిచి మొట్టమొదట అన్న మాట అదే. "వాడికి ఫోను చెయ్యకండి. గీత ఆగింది కదా, చూసుకుని వాడే చేస్తాడు." ఆ ముక్క నాకు అర్థమయ్యేసరికి ఓ పూట పట్టింది. నోరు అలా ఉంది మరి.

అప్పటి నుంచీ, ఇంటికి తెచ్చాక కూడా, ఈ ఫోను దిండు పక్కనే. అక్కడ నర్సు ఫోను మోగినా ఇటే తిరిగి చూసేది.

… అది సరే. నువ్వు చెప్పు. మరి గీత ఎలా కదులుతోంది? ఎవరి కాలు తొక్కుతోంది?

… పాత కుట్లా. అంటే?… ఇక్కడ ఆగితే, దాచిపెట్టిన కుట్లే అక్కడ మళ్లీ మళ్లీ తిరుగుతాయా. ఎవరు పెట్టారలా?

… నువ్వే.

తెర ఖాళీగా ఉంటే చూసేవాళ్లు లేచిపోతారని. హుఁ. నువ్వే పెట్టి, నువ్వే మర్చిపోయి, నువ్వే నమ్మావన్నమాట. భేష్.

ఎప్పుడు పెట్టావ్?… మొదటి నెలలోనే. మీ అక్కకి చెప్పావా?

… "చిన్న విషయం" కాదోయ్. విను. కుట్టడానికేమీ లేని రోజుల్లో కూడా తొక్కేది. గుడ్డ లేదు, దారం లేదు, ఉత్త సూది. టకటకటక. పిచ్చా నీకు అంటే, "గీత ఆగితే తమ్ముడు కంగారుపడతాడు" అనేది. జ్వరంలో తొక్కింది. తింటూ తింటూ మధ్యలో లేచి తొక్కింది. ఆ గీత కింద జనం రాసేవన్నీ నాచేత చదివించుకునేది. ఎంత ప్రశాంతంగా ఉందో అని రాశాడట ఎవడో. ఆ చప్పుడికి ఇక్కడ నా చెవులు చిల్లులు పడుతుంటే, వాడికి ప్రశాంతమట.

… ఏంటీ? ఆ సోమవారం మిషన్ ఎన్నింటికి ఆగిందా? టైముతో నీకేం పని?

నసగకు, చెప్పు.

… ఆగిపోవడం కూడా చూపిస్తావా. ఆ పాత కుట్లు తీసేసి, ఖాళీ తెర పెట్టి… అదే నిజం అంటావా.

నీకసలు… వద్దులే. నేనేం అనను. అంటే అది కూడా తెరమీద పెట్టుకుంటావ్.

…

ఏడవకు. నాకు ఏడుపులు పడవు.

విను. ఇందాక నువ్వు చేస్తే ఈ ఫోను మోగింది చూడూ, నేనే తీసి ఈ ముందుగదిలోకి తెచ్చాను, నువ్వేమంటావో ముందు నేను వినాలని. కానీ ఆమె చూసేసింది, నువ్వేనని. "చెప్పానా, చేశాడు" అన్నట్టు నావైపు చూసింది. సగం మూతితోనే నవ్వింది. అదే మొదటిసారి, పడిన తర్వాత.

తలుపులోంచి కనబడుతోంది నాకు. ఎడం చెయ్యెత్తి పిలుస్తోంది.

… అక్కకి నిజం చెప్పేస్తావా? ఇప్పుడు గుర్తొచ్చిందా నీకు నిజం! నోరు మూసుకో.

హాలు సంగతి ఎత్తకు. పాత కుట్ల సంగతి ఎత్తకు. ఆమె మాట అర్థం కాకపోతే మళ్లీ అడగకు, ఊఁ కొట్టు. ముక్కు తుడుచుకో ముందు.

… వస్తున్నానే, వస్తున్నా… ఇదిగో, చిన్నోడే. ఆఁ… గీత ఆగిందని చూసే చేశాడు. ఆ రోజు నుంచీ చేస్తూనే ఉన్నాడట, మనకే సిగ్నల్ దొరకలేదట… నువ్వు మాట్లాడు, ఫోను నేను పట్టుకుంటాలే.