ముందు మీ పిల్ల ఎక్కాలి

వేల్స్ కొండపల్లెలో ఆదివారం పొద్దున, గుర్రాల కొట్టం ముందు. కూతురికి పోటీల గుర్రం చూడ్డానికొచ్చిన తల్లి మైనిర్, దాన్ని అమ్మే ముసలాయన ఎమ్రిస్.

"అందంలో వంక పెట్టడానికి లేదు ఎమ్రిస్ గారూ. మా నెస్టాకి భయమంటే ఏంటో తెలీదు, వెంటనే ఎక్కేస్తుంది. కానీ ముందు మీ పిల్ల ఎక్కి చూపించాలి. ఆ పద్ధతి మీకు నేను చెప్పాలా?"

"నిజమే అమ్మా. మా మనవరాలు బ్రాన్వెన్ ఊళ్లో లేదు."

"ఇందాక జలుబన్నారు?"

"జలుబే. జలుబని వాళ్ల పిన్ని దగ్గరికి పంపాం."

"జలుబు చేసిన పిల్లని ఊరు పంపారా?"

"అబ్బ, ముందు ఈ సెరెన్‌ని చూడమ్మా! ఎంత నెమ్మదో! మొన్న ఎండాకాలం పోటీల్లో మూడు ఎర్ర రిబ్బన్లు, అన్నీ మొదటి బహుమతులే. బ్రాన్వెన్ పొడుగైపోయింది గానీ, లేకపోతే దీన్ని అమ్ముతానా?"

"ఒకసారి జీను తీయండి."

"ఎందుకూ?"

"తీయండి బాబూ... ఇదేంటి, వీపు తడిగా ఉంది?"

"పొద్దున్నే కడిగాను."

"కడిగితే ఒళ్లంతా తడవాలి. ఇది జీను ఉన్నంత మేరే తడిసింది. చెమట ఇది. ఎంతసేపు తిప్పారు దీన్ని?"

"కాసేపేనమ్మా."

"నిజం చెప్పండి."

"తెల్లారి అయిదు నుంచి. జీను వేసి, తాడు కట్టి, గుండ్రంగా. అలిసిపోతేనే ఇలా నిలబడుతుంది."

"అలిసిపోకపోతే?"

"ఇది పడేస్తే బ్రాన్వెన్ భుజం ఎముక విరిగిందమ్మా. పదిరోజులైంది. పిన్నీ లేదు, జలుబూ లేదు. లోపల మంచం మీద ఉంది."

"సిగ్గు లేదూ మీకు! తొమ్మిదేళ్ల మా పిల్లని దీని మీద ఎక్కించబోయారా!"

"సిగ్గుంది. నీ మొహం చూడలేకపోతున్నా. నలభయ్యేళ్లుగా గుర్రాలమ్ముతున్నా, ఇలాంటి పని ఎప్పుడూ చెయ్యలేదు. ఇది రోజూ కళ్లముందు తిరుగుతుంటే చూళ్లేక, ఎలాగైనా వదిలించుకోవాలనుకున్నా. ఇంకో పిల్ల పడుతుందని అనుకోలేదు."

"అనుకోలేదా?"

"అనుకున్నా. అనుకునే చేశా. మీ నెస్టాని పిలవమ్మా, తనకీ క్షమాపణ చెప్తా. పక్కూళ్లో నిజంగానే సాధువైన గుర్రం ఒకటుంది, తనకి సరిపోతుందేమో చూస్తా."

"వద్దులెండి."

"అదేంటి? భయమే తెలీదన్నావుగా? మరి గంట నుంచి ఆ పిల్ల కారు దిగలేదేం?"

"చలిగా ఉందని."

"చలేంటమ్మా, ఎండ మండిపోతుంటే."

"ఏప్రిల్లో అదీ గుర్రం మీంచి పడింది ఎమ్రిస్ గారూ. జన్మలో ఎక్కనని ఏడ్చింది. మా ఇంట్లో అందరం పోటీల్లో గెలిచినవాళ్లమే, ఇది మానేస్తే నలుగురిలో తలెత్తుకోలేనని నేనే మొండికేశా. ఇవాళ అమ్మమ్మ ఇంటికని చెప్పి తీసుకొచ్చా. మీ గేటు మీద గుర్రం బొమ్మ చూడగానే లోపల్నుంచి కారు తలుపులు లాక్ చేసుకుంది."

"అయ్యో తల్లీ."

"మిమ్మల్ని సిగ్గు లేదా అన్నాను. నాకుందా?"

"ఇప్పుడేం చేద్దామంటావ్?"

"కారు దాకా రండి. ఈ గుర్రాన్ని అమ్మట్లేదని నెస్టాకి మీరే చెప్పండి. నేను చెబితే నమ్మదు."